మందసానికి తుమ్మకర్ర చాలింది

ధ్యాన భాగాలు: నిర్గమకాండము 25:10, 35:24, 1 రాజులు 10:11-12, 2 సమూయేలు 24:24, హబక్కూకు 2:11



మా ప్రాంతపు సంఘాల్లో ఈ మధ్య ఒక కొత్త కోరిక కనబడుతోంది. నంద్యాల, ఆళ్లగడ్డ చుట్టుపక్కల పల్లెల్లో ఆరాధన నడిపించే యౌవనస్థులు చాలామంది గిటారు నేర్చుకున్నారు. దేవునికి స్తోత్రం. డోలకు, కంజీర, తాళాలతో సాగిన కూడికల్లో ఇప్పుడు గిటారు కూడా వినబడుతోంది. అయితే వారిలో కొందరికి అంగట్లో దొరికే గిటారు ఆనడం లేదు. చేత్తో చేసిన గిటారు కావాలంటున్నారు. ఫోన్లో వీడియోలు చూసి ముందు పలకకు స్ప్రూస్, వెనక పలకకు రోజ్‌వుడ్, మెడకు మహాగని అని పేర్లన్నీ కంఠతా చెబుతున్నారు. నేర్చుకోవాలన్న ఆసక్తి మంచిదే, దాన్ని మేము ఆపబోము.

కానీ ఆ మాటల మధ్యలో ఇంకో మాట దొర్లుతోంది. "రోజ్‌వుడ్ అంటే మన జిట్రేగే కదా, నల్లమలలో ఉంది కదా. ఎర్రచందనం కూడా ఉంది కదా. ఒక్క చిన్న దుంగ ఎవరితోనైనా తెప్పించుకుంటే బెంగళూరులో ఎవరో ఒకరు గిటారు చేసిపెడతారు. మన సొంతానికి కాదు, దేవుని పనికే కదా అయ్యగారూ!" ఆ చివరి మాట కోసమే ఈ వ్యాసం రాస్తున్నాం.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. దేవుని స్తుతికి వాడే వాయిద్యానికి అరుదైన కర్ర అక్కరలేదు. న్యాయంగా వచ్చిన కర్ర కావాలి, ఓపికగా ఆరిన కర్ర కావాలి, మన ఊరి ఎండకు నిలిచే కర్ర కావాలి. ఈ మూడూ చూడకుండా పేరు చూసి ఎంచుకున్న కర్ర ఎంత తీయగా పలికినా సంఘానికి మేలు చేయదు. ఎందుకో ఒక్కొక్కటిగా ఆలోచిద్దాం.

కర్ర చేసే పని

గిటారులో పాడేది తీగలు కావు. తీగ ఒక్కటే అయితే దాని శబ్దం పక్క మనిషికి కూడా వినబడదు. తీగ కదలికను అందుకుని గాలిని కదిలించేది ముందు పలక. ఆ పలక మందం సుమారు 3 మిల్లీమీటర్లే. ఆరు ఉక్కు తీగలు కలిసి దాని మీద సుమారు 70 కిలోల లాగుడు పెడతాయి. అంత పలుచని పలక అంత బరువును ఓర్చుకోవాలి, మళ్లీ ఆకులా అదరాలి కూడా. గట్టిగా ఉంటే పలకదు, మెత్తగా ఉంటే వంగిపోతుంది. తేలికగా ఉండి కూడా బిగువు తగ్గని కర్ర కావాలి గనుకనే చలిదేశాల స్ప్రూస్, సెడార్ చెట్లను ముందు పలకకు ఎంచుకుంటారు. చలికి ఆ చెట్లు మెల్లగా పెరుగుతాయి, వాటి గీతలు దగ్గర దగ్గరగా, తిన్నగా వస్తాయి.

దుంగను కోసే పద్ధతి కూడా ముఖ్యమే. సామిల్లులో మామూలుగా దుంగను ఒక పక్క నుంచి పలకలు పలకలుగా కోసుకుంటూ పోతారు. వాయిద్యానికి అలా పనికిరాదు. కమలాపండు తొనల్లాగా నడిబొడ్డు నుంచి అంచుకు చీల్చాలి. కర్ర ఆరేటప్పుడు గుండ్రటి వలయాల దిక్కుకు ముడుచుకున్నంతగా, నడిబొడ్డు నుంచి అంచు దిక్కుకు ముడుచుకోదు. దాదాపు సగమే ముడుచుకుంటుంది. అందుకే తొనలా చీల్చిన పలక మెలిక తిరగకుండా నిలుస్తుంది.

ఇక ఆరబెట్టడం. గాలికి ఆరే కర్రకు అంగుళం మందానికి ఒక ఏడాది అని వడ్రంగుల్లో పాత లెక్క ఉంది. వాయిద్యాలు చేసేవారు అంతకంటే ఎక్కువ ఏళ్లే పలకలను నీడలో పేర్చి ఉంచుతారు. చేవ ఉన్న కర్రయినా పచ్చిగా వాడితే పగులుతుంది. మనిషి సంగతీ అంతే. వరం ఉన్నవాడినైనా పచ్చిగా ఉన్నప్పుడే వేదిక ఎక్కిస్తే మొదటి ఎండకే బీట వారుతాడు. కొత్తగా రక్షణ పొందినవారికి తొందరపడి బాధ్యతలు అప్పగించవద్దని పౌలు తిమోతికి చెప్పింది ఇందుకే.

గిటారు పక్క పలకల్లో ఇంకో పాఠం ఉంది. మొక్కై వంగనిది మానై వంగునా అని మన పెద్దలు అంటారు. నిజమే. కానీ గిటారు చేసేవారు మానును చీల్చి, 2 మిల్లీమీటర్ల పలుచన చేసి, నీళ్లతో తడిపి, వేడెక్కిన ఇనుప గొట్టం మీద ఆనించి మెల్లమెల్లగా వంచుతారు. విరగకుండా వంగుతుంది. ముదిరిపోయాడు, ఇక మారడు అని మనం వదిలేసినవారిని దేవుడు నీటితోను అగ్నితోను వంచగలడు. ఇది మేము సంఘంలో కళ్లారా చూసిన సత్యం.

ఆళ్లగడ్డ శిల్పుల చెవి

కర్రను ఎలా ఎంచుకోవాలో చెప్పడానికి దూరదేశపు వీడియోలే అవసరం లేదు. ఆళ్లగడ్డలో శిల్పులు ఉన్నారు. రాతి శిల్పానికి మన ఊరు దేశమంతా పేరుపడింది. వారు ఏమి చెక్కుతారు, ఎవరి కోసం చెక్కుతారు అన్నది వేరే మాట. వారు రాయిని ఎంచుకునే పద్ధతి చూడండి. రాతి రంగు, నునుపు చూసి ఊరుకోరు. సుత్తితో తట్టి వింటారు. గంటలా మోగితే రాయి లోపల పగులు లేదు. మొద్దుగా శబ్దం వస్తే లోపల ఎక్కడో చీలిక ఉన్నట్టు. రాయి పలికే ధ్వనిని బట్టి పురుష శిల, స్త్రీ శిల, నపుంసక శిల అని విభజించే సంప్రదాయం శిల్పశాస్త్రంలో పూర్వం నుంచీ ఉంది.

గిటారు చేసేవారి పద్ధతీ ఇదే. పలకను పై అంచుకు కొంచెం కిందుగా రెండు వేళ్ల మధ్య వదులుగా పట్టుకుని, మెటికతో తడతారు. శబ్దం ఎంతసేపు నిలుస్తుందో, స్పష్టంగా ఉందో లేదో వింటారు. అంటే రాయి అయినా కర్ర అయినా, పనివాడు పేరును బట్టి ఎంచుకోడు, పలికేదాన్ని బట్టి ఎంచుకుంటాడు. మనుష్యులు పైరూపాన్ని చూస్తారు గాని యెహోవా హృదయాన్ని చూస్తాడని సమూయేలు యెష్షయి ఇంట నేర్చుకున్నది ఈ పాఠమే. ఏడుగురు అన్నలను దాటి గొర్రెలు కాసే చిన్నవాడి దగ్గరికి వెళ్లాల్సి వచ్చింది. ఆ చిన్నవాడే సితారా వాయించేవాడు కావడం గమనించండి.

పేరు గొప్పా, పలుకు గొప్పా?

"అయితే రోజ్‌వుడ్ పలికినట్టు వేరే కర్ర పలకదు కదా" అంటారు మన తమ్ముళ్లు. ఈ మాటను పరీక్షించినవారు ఉన్నారు.

స్పెయిన్ దేశంలో ఆంటోనియో దె తొరెస్ అనే పనివాడు ఉండేవాడు. ఈనాటి గిటారుకు రూపం ఇచ్చినవాడిగా ఆయనకు పేరు. ఆయన 1862లో ఒక గిటారు చేశాడు. ముందు పలక మాత్రం మంచి కర్ర. వెనక, పక్కలు కాగితపు గుజ్జుతో చేసిన అట్ట! గిటారు పలుకు ముఖ్యంగా ముందు పలకలోనే ఉందని చూపించడానికి అలా చేశాడు. ఆ గిటారు ఇప్పటికీ బార్సిలోనా సంగీత మ్యూజియంలో ఉంది.

మన కాలంలో ఇంగ్లండులోని లాంకాస్టర్ విశ్వవిద్యాలయం వారు ఇతర పరిశోధకులతో కలిసి ఇంకా జాగ్రత్తగా చూశారు. ఒకే పనివాడి చేత ఆరు గిటార్లు చేయించారు. అన్నీ ఒకేలా ఉంటాయి, వెనక పలక, పక్క పలకల కర్ర మాత్రం వేరు. బ్రెజిల్ రోజ్‌వుడ్, మన దేశపు రోజ్‌వుడ్, మహాగని, మేపుల్, సపేలీ, వాల్‌నట్. వీటిలో కొన్ని ఎంతో ఖరీదైనవి, కొన్ని చవకైనవి. 52 మంది గిటారు వాయించేవారిని చీకటి గదిలో, కళ్లకు వెల్డింగు అద్దాలు పెట్టి వాయించమన్నారు. ఆరు గిటార్లకూ ఇంచుమించు ఒకే మార్కులు పడ్డాయి. ఏది ఏ కర్రో విని తేల్చడం కూడా వారికి కష్టమైంది. ఈ ఫలితాలు 2018లో అచ్చయ్యాయి.

కళ్లకు గంతలు కట్టగానే ఖరీదు వినబడలేదు. ఈ మాట మన సంఘాలకు కూడా పనికొస్తుంది. కళ్లు తెరుచుకుని ఉన్నప్పుడు గిటారు మీద ఉన్న పేరు, పాడేవాడి చొక్కా, స్టేజి లైట్లు మనకు స్తుతిలాగే వినబడుతుంటాయి.

సొలొమోను చందనం, ఇశ్రాయేలీయుల తుమ్మ

ఇక లేఖనాల దగ్గరికి వద్దాం. వాయిద్యాల కర్ర గురించి బైబిలు మౌనంగా లేదు. 1 రాజులు 10వ అధ్యాయంలో హీరాము ఓడలు ఓఫీరు నుంచి బంగారంతో పాటు చందనపు మ్రానులు తెచ్చాయని చదువుతాం. సొలొమోను ఆ మ్రానులతో మందిరానికి పని చేయించాడు, గాయకులకు సితారాలు, స్వరమండలాలు చేయించాడు. హెబ్రీ మూలంలో ఆ చెట్టు పేరు అల్ముగ్. అది మన ఎర్రచందనమే కావచ్చునని కొందరు పండితుల తలంపు. అదే నిజమైతే మూడు వేల ఏళ్ల కిందట మన కొండల కర్ర యెరూషలేములో పాడిందన్నమాట.

ఈ వాక్యాన్ని చూపించి "సొలొమోనుకు లేని అభ్యంతరం మీకెందుకు?" అని అడిగేవారు ఉంటారు. న్యాయమైన ప్రశ్నే. అయితే ఆ వచనాన్ని చివరి దాకా చదవండి. అటువంటి చందనం మళ్లీ రాలేదని, ఆ తరువాత కనబడలేదని కూడా అక్కడే రాసి ఉంది. కర్ర అయిపోయింది. గొప్ప మందిరం గురించి చెబుతూ కూడా పరిశుద్ధాత్ముడు ఆ చిన్న లెక్కను దాచలేదు.

ఇంకొంచెం వెనక్కి, 5వ అధ్యాయానికి వెళ్లండి. లెబానోను కలప కోసం సొలొమోను ఇశ్రాయేలీయులందరిలో నుంచి 30,000 మందిని వెట్టికి పిలిపించాడు. నెలకు 10,000 మంది చొప్పున వంతులు వేసి అడవికి పంపాడు. ఒక నెల లెబానోనులో, రెండు నెలలు ఇంటి దగ్గర. ఆ వెట్టి బరువు జనం మరచిపోలేదు. 12వ అధ్యాయంలో రెహబాము ముందు నిలబడి, నీ తండ్రి మా మీద పెట్టిన కాడి బరువు తగ్గించమని అడిగారు. ఆయన వినలేదు. రాజ్యం రెండు ముక్కలైంది. దేవుని మందిరానికి తెచ్చిన కలపే అయినా, దాన్ని మోసిన భుజాల నొప్పి లెక్కలోకి వచ్చింది.

ఇప్పుడు అరణ్యంలోని గుడారం చూడండి. అతి పరిశుద్ధ స్థలంలో ఉండవలసిన మందసాన్ని ఏ కర్రతో చేయమన్నాడు దేవుడు? తుమ్మకర్రతో. మన నల్లరేగడి చేల గట్ల మీద, కుందూ ఒడ్డున, కేసీ కాలువ పక్కన ఎవరూ నాటకుండానే మొలిచే తుమ్మ జాతి. ముళ్ల చెట్టు. సీనాయి ఎడారిలో వారి కళ్ల ముందు ఉన్న చెట్టు అదే. ఆకాశాన్ని, భూమిని చేసినవాడు ఓఫీరుకు ఓడలు పంపించమనలేదు, దొరికేదానితో చేయమన్నాడు.

"దాని మీద బంగారం పొదిగారు కదా" అంటారేమో. పొదిగారు. ఆ బంగారం ఎలా వచ్చింది? మనసు ప్రేరేపించినవారు తెచ్చారు. తుమ్మకర్ర ఎలా వచ్చింది? ఎవరి దగ్గర ఉందో వారు తెచ్చారు అని నిర్గమకాండము 35:24లో ఉంది. బలవంతం లేదు, వెట్టి లేదు, దొంగతనం లేదు. ఇక చాలు, తేవద్దు అని మోషే చాటించవలసి వచ్చింది. మందిరపు కలప వెట్టితో వచ్చింది, గుడారపు తుమ్మ ఇష్టంతో వచ్చింది. చందనానికీ తుమ్మకూ ఉన్న తేడా కంటే ఈ తేడా పెద్దది.

నల్లమల దుంగ మీద ఉన్న మరక

ఎర్రచందనం ఈ భూమి మీద సహజంగా పెరిగేది మన తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. శేషాచలం, వెలిగొండ, లంకమల, పాలకొండలు, నల్లమల దక్షిణపు అంచులు. దేవుడు లోకమంతటికీ ఇవ్వని చెట్టును మన చేతికి అప్పగించాడు. జపానులో షామిసెన్ అనే మూడు తీగల వాయిద్యానికి మెడ చేయడానికి ఈ కర్రను ఎంతో ఇష్టపడతారు. చైనాలో సామాన్లకు వాడతారు. అందుకే దానికి అంత ధర, ఆ ధర కోసమే అంత దొంగతనం.

అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటీస్ ఒప్పందం జాబితాలో ఎర్రచందనం 1995 నుంచి ఉంది. జిట్రేగితో సహా ఆ జాతి అంతా 2017లో చేరింది. పూర్వం గొప్ప గిటార్లకు వాడిన బ్రెజిల్ రోజ్‌వుడ్ తరిగిపోయి, 1992 నుంచి దాని వ్యాపారం మీదే నిషేధం పడింది. ఒక చెట్టును పొగిడి పొగిడి కనబడకుండా చేశాం, ఇప్పుడు రెండో చెట్టును పొగుడుతున్నాం. అటవీశాఖ అనుమతి లేకుండా అడవి నుంచి దుంగ తేవడం మన రాష్ట్రంలో జైలుకు పంపే నేరం. ఎర్రచందనమైతే పట్టా భూమిలో పెంచినది కొట్టాలన్నా అనుమతి కావాలి.

ఇది ఎక్కడో ఉన్నవారికి మాత్రమే సంబంధించిన చట్టం కాదు. అమెరికాలో పేరుమోసిన గిబ్సన్ గిటారు కంపెనీలో 2009లోను, 2011లోను ప్రభుత్వ అధికారులు సోదాలు చేశారు. మొదటిసారి మడగాస్కర్ నుంచి వచ్చిన ఎబొనీ కోసం, రెండోసారి మన దేశం నుంచి వెళ్లిన కర్ర కోసం. చివరకు 2012లో ఆ కంపెనీ 3 లక్షల డాలర్ల జరిమానాకు ఒప్పుకుని కేసు ముగించుకుంది. ఈ కర్ర ఎక్కడిది అని లోకమే అడుగుతున్నప్పుడు, సంఘం అడగకుండా ఉండవచ్చా?

చట్టం కంటే పెద్ద సంగతి ప్రాణం. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవుల్లో పోలీసు కాల్పుల్లో 20 మంది చనిపోయారు. ఎర్రచందనం కొట్టడానికి వచ్చారని చెప్పిన తమిళనాడు కూలీలు. ఎవరిది తప్పు, ఎవరిది ఒప్పు అన్నది న్యాయస్థానాల పని. మేము చెప్పేది ఒక్కటే. ఆ కర్ర కొన్నవాడు ఆ రోజు అడవిలో లేడు. డబ్బున్నవాడి ఇంట్లో దుంగ చేరుతుంది, కూలివాడి ఇంటికి శవం చేరుతుంది. మన అహోబిలం వైపు పల్లెల్లోనూ పని దొరకని యువకులు ఉన్నారు. ఒక్క రాత్రికి ఇంత అని ఆశ పెట్టేవారూ ఉంటారు. "ఒక్క చిన్న దుంగ ఎవరితోనైనా తెప్పించుకుంటే" అని మన తమ్ముడు తేలికగా అన్న మాటలో ఆ "ఎవరితోనైనా" ఎవరు? ఏ తల్లి బిడ్డ?

అన్యాయంతో కట్టిన ఇంట్లో గోడలోని రాయి మొరపెడుతుందని, పైనున్న దూలం దానికి బదులు చెబుతుందని హబక్కూకు ప్రవక్త హెచ్చరించాడు. రాయీ పలుకుతుంది, కర్రా పలుకుతుంది. దొంగ దుంగతో చేసిన గిటారు మీద మనం స్తోత్రగీతం వాయిస్తే, మనకు వినబడేది తీగల శబ్దం. దేవునికి వినబడేది ఏమిటో ఆలోచించండి.

శ్రేష్ఠమైనది అంటే ఏమిటి?

"దేవునికి శ్రేష్ఠమైనదే ఇవ్వాలి కదా" అన్న మాట మేము కాదనము. మరియ అచ్చ జటామాంసి అత్తరు ప్రభువు పాదాల మీద పోసినప్పుడు ఖరీదు లెక్కపెట్టినవాడు యూదా. మేము యూదా పక్కన కూర్చోము. ఒక సహోదరుడు తన కష్టార్జితంతో ఏళ్ల తరబడి దాచుకుని, బిల్లు ఉన్న కర్రతో, అనుమతి ఉన్న చోట ఒక మంచి గిటారు చేయించుకుంటే ఆయన కోసం సంతోషంగా ప్రార్థన చేస్తాం.

అయితే శ్రేష్ఠతకు దావీదు పెట్టిన కొలత మరువవద్దు. అరౌనా తన కళ్లం, ఎడ్లు, నూర్చే సామాను కూడా ఊరకే ఇస్తానన్నాడు. అందులో కర్ర కూడా ఉంది, బలికి కట్టెలుగా! దావీదు ఒప్పుకోలేదు. వెల ఇవ్వకుండా తీసుకున్నదాన్ని నా దేవునికి అర్పించనన్నాడు. అర్పణకు విలువ వస్తువు అరుదు కావడం వల్ల రాదు, నేను దానికి వెల చెల్లించడం వల్ల వస్తుంది. అడవి దుంగకు వెల చెల్లించేది ఎవరు? అడవి, కూలివాడు, రేపటి పిల్లలు. మనం మాత్రం చెల్లించలేదు. తిరుగుబాటు చేసి కాదు, లెక్క కట్టి చూస్తే అది మన అర్పణ కానే కాదు. అప్పు చేసి తల్లిదండ్రుల మీద వేసే గిటారు కూడా ఇదే కోవలోకి వస్తుందని మా తమ్ముళ్లకు మనవి.

మరి ఏ కర్ర?

వద్దు అని చెప్పి ఊరుకుంటే అది కాపరి పని కాదు. కనుక దారి కూడా చెబుతాం.

మన తెలుగునేల వాయిద్యాలకు ఏ కర్ర ఎంచుకుందో చూడండి. విజయనగరం జిల్లా బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో తరతరాలుగా వీణలు చేస్తున్నారు. వారిది పనసకర్ర. ఒకే దుంగను తొలిచి చేసే ఏకాండి వీణ వారి ప్రత్యేకత. నూజివీడు వీణకూ పనసే, మృదంగానికీ పనసే. ఊరి తోటలో పండు ఇచ్చే చెట్టు, ముసలిదైన తరువాత పాట ఇచ్చింది. రాజుల కొలువుల్లో మోగిన వీణకు పనస చాలినప్పుడు మన ప్రార్థన మందిరపు గిటారు వెనక పలకకు చాలదా?

తుమ్మ సంగతి చెబితే మన తమ్ముళ్లు ఆశ్చర్యపోతారు. హవాయి దీవుల కోవా కర్రతో చేసిన గిటార్లు, యుకులేలేలు లోకమంతా మోజుపడేవి. ఆస్ట్రేలియాలో బ్లాక్‌వుడ్ అనే కర్రతో గిటార్లు చేస్తారు. ఆ రెండూ తుమ్మకు దాయాదులు, వృక్షశాస్త్రంలో అకేషియా ప్రజాతి. మన నల్లతుమ్మ వాటికంటే బరువు, మొరటు. బండిచక్రానికి, నాగలికి వాడిన కర్ర అది. గిటారుకు అదే వాడమని మేము అనడం లేదు. ముళ్ల చెట్టు వంశంలో కూడా పాట ఉందని మాత్రం అంటున్నాం.

కనుక చేయించుకునే స్తోమత ఉన్నవారు ఇలా అడగండి. మొదట, ఈ కర్ర ఎక్కడిది, కాగితం ఉందా? పాత ఇంటి టేకు దూలం, పాత తలుపు, సొంత తోటలో పడిపోయిన పనస, ఇవి మంచి మార్గాలు. పాత ఇంటి దూలం ఏభై ఏళ్లుగా ఆరి ఉంటుంది కూడా. రెండవది, తొనలా చీల్చినదా, ఎన్నేళ్లు ఆరింది? మూడవది, తట్టి వినండి. పేరు నాలుగోది.

స్తోమత లేనివారు చిన్నబుచ్చుకోవద్దు. నంద్యాల ఎండ ఎలాంటిదో మనకు తెలుసు. ఏప్రిల్, మే నెలల్లో గాలిలో తేమ ఆరిపోతుంది, మందిరం మీద రేకులు కాలిపోతాయి. అసలు కర్రతో చేసిన ఖరీదైన గిటారుకు గాలిలో తేమ సుమారు 45 నుంచి 50 శాతం ఉండాలి. అది తగ్గితే ముందు పలక ముడుచుకుని చీలుతుంది. వానాకాలం రాగానే ఉబ్బుతుంది. పొరలు అతికించిన ప్లైవుడ్ గిటారు దానికంటే ఎండను ఓర్చుకుంటుంది. పది వేల లోపు దొరికే అటువంటి గిటారే మన రేకుల మందిరానికి తగినది. అదీ గోడకు వేలాడదీయకండి. సంచిలోనో పెట్టెలోనో పెట్టండి. మూతకు బెజ్జాలు పెట్టిన సబ్బు డబ్బాలో తడిపి పిండిన స్పాంజి ఉంచి, వేసవి అంతా ఆ పెట్టెలో పెట్టండి. ఉన్నదాన్ని కాపాడుకోవడం కూడా ఆరాధనే.

పురుషోత్తమ చౌదరి గారి వంటి భక్తులు కీర్తనలు కట్టిన రోజుల్లో మన పల్లె సంఘాల్లో గిటారు లేదు. ఆ పాటలు నేటికీ నిలిచి ఉన్నాయి. చెరలో ఉన్నప్పుడు బబులోను కాలువల ఒడ్డున చెట్లకు సితారాలు తగిలించినవారి దగ్గర వాయిద్యం ఉంది, పాట రాలేదు. వాయిద్యం లేక ఆగిపోయిన స్తుతి బైబిల్లో మాకు కనబడదు.

యౌవన సహోదరులారా, గిటారు నేర్చుకోండి, బాగా నేర్చుకోండి. వీలైతే కర్ర పని కూడా నేర్చుకోండి. మన ప్రభువు నజరేతులో వడ్రంగి. కర్రను తట్టి వినడం ఆయనకు తెలుసు. మీ ఊరి గట్టు మీద ఒక పనస, ఒక టేకు నాటండి. ఎర్రచందనం కావాలంటే అదీ మీ పొలంలోనే నాటండి, మీ పిల్లల కాలానికి అనుమతితో కోసుకోవచ్చు. అడవి జోలికి పిలిచేవాడు ఎవరైనా ఉంటే, దేవుని పేరు చెప్పి పిలిచినా సరే, వెళ్లకండి. భయమేస్తే మా దగ్గరికి రండి. రాత్రి ఏ వేళైనా తలుపు తీస్తాం.

ప్రార్థన: పరలోకపు తండ్రీ, అడవులను నాటినవాడవు నీవే, చెవిని చేసినవాడవు నీవే. మా పాటలో ఎవరి కన్నీరూ కలవకుండా కాపాడు. మాకు దొరికే తుమ్మకర్రతోనే నీ సన్నిధిని మోసే కృప మాకు దయచేయి. మా బిడ్డలను రాత్రివేళ అడవి దారుల నుంచి మళ్లించు. యేసు నామమున అడిగి వేడుకొంటున్నాము తండ్రీ, ఆమెన్.

మీ ప్రార్థనలలో మమ్మును, ఈ ప్రాంతపు యౌవనస్థులను జ్ఞాపకం చేసుకోండి.